సొంత ఇంట్లో గుమ్మం దాటని మనిషి: గ్రనాడా హోమ్స్‌లో మిసెస్ హడ్సన్

కథ ప్రకారం అది 1894, లండన్‌లో వసంతకాలపు రాత్రి. బేకర్ స్ట్రీట్‌లో ఒక మేడ మీది గదిలో దీపం వెలుగుతోంది. కిటికీ తెర మీద ఒక మనిషి నీడ. పావుగంటకోసారి ఒకావిడ మోకాళ్ల మీద పాకుతూ వచ్చి, ఆ నీడ పడేలా నిలబెట్టిన మైనపు బొమ్మను కాస్త తిప్పి, మళ్లీ అలాగే పాకుతూ వెనక్కి పోతుంది. తన నీడ మాత్రం పొరపాటున కూడా తెర మీద పడకూడదు. ఆ కిటికీలో కనిపించే మనిషిని చంపడానికి ఒకడు వస్తాడు. రెండు గంటల్లో ఎనిమిదిసార్లు ఆవిడ ఆ పని చేసింది. చివరికి తూటా వచ్చి బొమ్మ తలలోంచి దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. ఆవిడ బాధ ఒకటే: అంత చక్కటి బొమ్మ పాడైపోయిందే! తివాచీ మీద పడ్డ తూటాని ఏరి తెచ్చి చేతికిచ్చింది కూడా ఆవిడే.

ఆర్థర్ కానన్ డాయిల్ 1903లో రాసిన 'ది ఎంప్టీ హౌస్' కథలో ఘట్టం ఇది. గ్రనాడా టెలివిజన్ దీన్ని 1986లో తెర మీదికి తెచ్చింది. ఈ కథ అనగానే చనిపోయాడనుకున్న డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ తిరిగి రావడం గుర్తొస్తుంది, ఆ తూటా పేల్చిన కల్నల్ మోరన్ గుర్తొస్తాడు, అతని గాలి తుపాకీ చేసిన గుడ్డి జర్మన్ మెకానిక్ కూడా గుర్తొస్తాడు. ప్రాణాలకు తెగించి రెండు గంటలు నేల మీద పాకిన మనిషి మాత్రం చప్పున గుర్తుకు రాదు. ఆమె మిసెస్ హడ్సన్, హోమ్స్ అద్దెకున్న ఇంటి యజమానురాలు. గ్రనాడా సిరీస్‌లో ఆ పాత్ర వేసిన నటి రోజలీ విలియమ్స్.

మాంచెస్టర్‌లోని గ్రనాడా సంస్థ 1984 నుంచి 1994 దాకా మొత్తం 41 ఎపిసోడ్లు తీసింది. జెరెమీ బ్రెట్ హోమ్స్. అప్పటిదాకా వచ్చిన సినిమాల్లో హోమ్స్ స్నేహితుడు, కథలు చెప్పే డాక్టర్ వాట్సన్ అంటే నవ్వించడానికి పెట్టిన మందబుద్ధి అన్న అభిప్రాయం బలపడిపోయింది. నిర్మాత మైఖేల్ కాక్స్ దాన్ని పక్కనపెట్టి, డాయిల్ రాసినదానికి వీలైనంత దగ్గరగా వెళ్లాలని పట్టుబట్టాడు. హోమ్స్ ఏం తింటాడు, ఏం తాగుతాడు, ఎలా కూర్చుంటాడు అన్న వివరాలతో 'బేకర్ స్ట్రీట్ ఫైల్' అని 77 పేజీల పత్రం ఒకటి తయారుచేసుకున్నారు. ఇలా అక్షరానికి కట్టుబడాలనుకున్న సిరీస్‌కి మిసెస్ హడ్సన్ దగ్గర ఒక చిక్కు వచ్చిపడుతుంది. కట్టుబడదామంటే అక్షరాలే లేవు!

డాయిల్ రాసిన 60 హోమ్స్ కథల్లో (నాలుగు నవలలు, 56 చిన్న కథలు) ఆమె ఎలా ఉంటుందో ఎక్కడా లేదు. పొడుగో పొట్టో, వయసెంతో, జుట్టు నెరిసిందో లేదో చెప్పలేదు. భర్త ప్రస్తావనే రాదు. 1887 నాటి మొదటి నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో ఇంటావిడ ఉంది కానీ పేరు లేదు. 1890లో 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో గానీ హడ్సన్ అన్న పేరు దొరకదు. ఆ మరుసటి ఏడు రాసిన 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా'లో డాయిల్ ఆ పేరు కూడా మర్చిపోయి, భోజనం ట్రే తెచ్చే ఇంటావిడను మిసెస్ టర్నర్ చేసేశాడు. ఆ టర్నర్ ఎవరన్న దాని మీద అభిమానులు వందేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. చూడబోతే అంత ఆలోచించాల్సిన విషయం కాదు, రచయిత తొందరలో ఉన్నాడు, అంతే. మిసెస్ హడ్సన్ అసలు పేరు మార్తా అన్నది కూడా ఇలాంటి వ్యవహారమే. 1917 నాటి 'హిజ్ లాస్ట్ బో'లో హోమ్స్‌కి సాయపడే మార్తా అనే ముసలి పనిమనిషి ఉంది. ఆమే ఈమె అని పాఠకులు అనుకున్నారు తప్ప డాయిల్ అనలేదు.

ఇక లాండ్‌లేడీ అన్న మాట. దానికి తెలుగులో సరిగ్గా సరిపోయే మాట లేదు. 'ఇంటి ఓనరు' అంటే అద్దె రోజునో, నీళ్ల మోటారు దగ్గర గొడవైనప్పుడో కనిపించే మనిషి గుర్తొస్తారు. విక్టోరియా కాలపు లండన్‌లో లాండ్‌లేడీ పని అంతకంటే చాలా పెద్దది. సామాన్లతో సహా గదులు అద్దెకివ్వడమే కాదు, వాటితో పాటు భోజనం, బొగ్గు, వేడినీళ్లు, గదులు శుభ్రం చేయించడం, వచ్చినవాళ్లకు తలుపు తీయించడం, ఉత్తరాలు పైకి పంపించడం అన్నీ ఆమె బాధ్యతే. అంటే ఓనరు, మెస్ నడిపే ఆవిడ, వాచ్‌మన్ ముగ్గురూ ఒకే మనిషిలో ఉన్నట్టు. భర్త పోయిన మధ్యతరగతి ఆడవాళ్లు పరువుగా సంపాదించుకోవడానికి ఉన్న కొద్ది దారుల్లో ఇదొకటి. ఇంటి పెత్తనం ఆమెదే, కానీ అద్దె తీసుకున్నాక ఆ గది మాత్రం అద్దెకున్నవాళ్లది. కాబట్టి తన ఇంట్లోనే పదిహేడు మెట్లెక్కి వచ్చి, తలుపు తట్టి, రమ్మనేదాకా గుమ్మం దగ్గర ఆగాలి.

ఆ గుమ్మం దాటితే కనిపించేది కూడా మామూలు గది కాదు. 1893 నాటి 'ది మస్‌గ్రేవ్ రిచువల్'లో వాట్సన్ ఏకరువు పెడతాడు: బొగ్గు బొక్కెనలో చుట్టలు, పర్షియన్ చెప్పు ముందు భాగంలో పొగాకు, జవాబు రాయాల్సిన ఉత్తరాలేమో పొయ్యి పైన చెక్కకు కత్తితో గుచ్చి. వీటన్నిటికీ మించి, కుర్చీలో కూర్చుని పిస్తోలుతో గోడ మీద విక్టోరియా రాణి పేరు పొడి అక్షరాలను తూటాలతో రాస్తాడు హోమ్స్. వాట్సన్‌కి ఇది తమాషాగానే ఉంటుంది. గోడ వాట్సన్‌ది కాదు కదా. తర్వాత 'ది డయింగ్ డిటెక్టివ్' మొదట్లో అతనే ఒప్పుకుంటాడు, ఆవిడ చాలా ఓర్పు గల మనిషి అని. వేళ కాని వేళ సంగీతం, రసాయనాల కంపు, ఇంట్లో తుపాకీ కాల్పులు, ఎప్పుడు ఎవరొస్తారో తెలియని జనం. దానికి బదులు హోమ్స్ అద్దె మాత్రం రాజాలా కట్టేవాడట, తను అతనితో ఉన్న కాలంలో కట్టిన డబ్బుతో ఆ ఇంటినే కొనేయొచ్చని వాట్సన్ లెక్క. ఆవిడకు హోమ్స్ అంటే భయంతో కూడిన గౌరవం, ఇష్టం కూడా. పుస్తకంలో మిసెస్ హడ్సన్ గురించి తేటగా చెప్పిన మాటలు దాదాపు ఇంతే.

ఇంత పల్చటి పాత్ర గ్రనాడాలో అంత చిక్కగా ఎందుకు కనిపిస్తుంది? రోజలీ విలియమ్స్ మంచి నటి కాబట్టి అంటే సగం జవాబే. మిగతా సగం కథ చెప్పే పద్ధతిలో ఉంది. పుస్తకంలో హోమ్స్‌ని మనం ఎప్పుడూ నేరుగా చూడం. దాదాపు ప్రతి కథలోనూ వాట్సన్ చూసి మనకు చెబుతాడు. అతని ఆశ్చర్యం, విసుగు, దిగులు, అభిమానం అన్నీ వాక్యాల్లోనే కలిసిపోయి వస్తాయి. టీవీకి వచ్చేసరికి ఆ గొంతు పోతుంది. కెమెరాకి హోమ్స్ మీద ఏ అభిప్రాయమూ లేదు. వాట్సన్ కూడా చూసేవాడి స్థానం పోగొట్టుకుని, చూడబడేవాళ్లలో ఒకడైపోతాడు. అప్పుడు హోమ్స్ అంటే ఏం అనుకోవాలో ప్రేక్షకుడికి తెలిసేది గదిలో ఉన్న మిగతా ముఖాల వల్లనే. వాట్సన్ వాక్యాల్లో ఉండే ఆ రంగును ముఖాలే పంచుకోవాలి. వచ్చిన క్లయింట్లకి అతను కొత్త. పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్‌కి పోటీ. అతని వింతలన్నీ తెలిసి, అయినా ప్రతిసారీ కొత్తగా ఉలిక్కిపడే ముఖం మిసెస్ హడ్సన్‌దే.

విలియమ్స్ నటనలో గమనించాల్సింది ఆవిడ మాటలు కాదు, మాట పూర్తయ్యాక నిలబడే ఆ అరక్షణం. ట్రే పెట్టాక వెంటనే వెళ్లిపోదు. చెదిరిన కాగితాల వైపొక చూపు, ముట్టని పళ్లెం వైపొక చూపు, హోమ్స్ ముఖం వైపు ఇంకో చూపు. తిట్టదు, సలహా ఇవ్వదు. బ్రెట్ హోమ్స్ ఒక్క నిమిషంలో రాయిలా ఉండి మరుక్షణం సోఫా మీంచి దూకే మనిషి. అంత ఎత్తుపల్లాల నటనకు పక్కన కదలకుండా నిలబడే మనిషి ఒకరు కావాలి. లేకపోతే ఎత్తు ఎంతో తెలియదు. బ్రెట్ కూడా ఆవిడ దగ్గర మెత్తబడతాడు. ఆడవాళ్లతో హోమ్స్ మర్యాదగా, సున్నితంగా ఉంటాడని డాయిల్ రాసినదాన్ని బ్రెట్ రాణుల ముందూ, అందగత్తెల ముందూ కాక ముఖ్యంగా ఈ ఇంటావిడ ముందు చూపించాడనిపిస్తుంది.

హోమ్స్ గురించి ఆవిడ పడే దిగులు కూడా గ్రనాడా కల్పించింది కాదు, దాని విత్తనం 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో ఉంది. తను వెతుకుతున్న పడవ జాడ దొరక్క హోమ్స్ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆవిడ వాట్సన్‌తో అంటుంది, ఆయన నడిచి నడిచి, ఆ అడుగుల చప్పుడు విని విని తనకే అలుపొచ్చిందని. మనసు చల్లబడే మందు ఏదైనా వేసుకోమని చెప్పబోతే ఆయన చూసిన చూపుకి గదిలోంచి ఎలా బయటపడిందో తనకే తెలియదట. కింద గదిలో పడుకుని పైకప్పు మీద అడుగులు లెక్కపెట్టే మనిషి! మేడ కింద పోర్షన్‌లో ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వాట్సన్ హోమ్స్ ఆలోచనలను అనుసరించడానికి తంటాలు పడతాడు. ఆవిడ అతని అడుగులనే వింటుంది. చాలాసార్లు ఆవిడకే ముందు తెలుస్తుంది.

సిరీస్‌లో ఆవిడ అవసరం మరోచోట బయటపడుతుంది, బహుశా అనుకోకుండా. మొదటి 13 ఎపిసోడ్లలో వాట్సన్ డేవిడ్ బర్క్. అతను తప్పుకోవడంతో 1986 నుంచి ఎడ్వర్డ్ హార్డ్‌విక్ వచ్చాడు. హార్డ్‌విక్ మొదటి ఎపిసోడ్ ఏదంటే 'ది ఎంప్టీ హౌస్'. కథలో వాట్సన్ చనిపోయాడనుకున్న స్నేహితుణ్ని మళ్లీ కలుస్తాడు. టీవీ ముందున్నవాళ్లకు తిరిగొచ్చిన స్నేహితుడు పాతవాడే, ఎదురుచూసిన స్నేహితుడు మాత్రం కొత్తవాడు. ఇంత పెద్ద మార్పును ఇబ్బంది లేకుండా దాటించాలంటే మిగతావి కదలకూడదు. అదే గది, అదే మెట్లు, అదే మిసెస్ హడ్సన్. ఆమె అతన్ని డాక్టర్ వాట్సన్ అని పిలిస్తే అతను డాక్టర్ వాట్సనే. 1994కి వచ్చేసరికి బ్రెట్ ఆరోగ్యం బాగా దెబ్బతింది, 'ది గోల్డెన్ పాన్స్-నే' ఎపిసోడ్‌లో హార్డ్‌విక్ లేక హోమ్స్ అన్న మైక్రాఫ్ట్ పాత్ర వచ్చి ఆ ఖాళీ నింపాల్సి వచ్చింది. పదేళ్లలో బేకర్ స్ట్రీట్‌లో మారనివి తక్కువ. వాటిలో విలియమ్స్ ఒకరు.

భోజనం సంగతి చెప్పకపోతే ఈ పాత్రకు అన్యాయం. 'ది నేవల్ ట్రీటీ'లో పోయిన ఒప్పందం కాగితాన్ని హోమ్స్ మూత పెట్టిన పళ్లెంలో పెట్టించి, పాపం ఆ దస్తావేజు పోగొట్టుకున్న ఫెల్ప్స్ ముందు బ్రేక్‌ఫాస్ట్ లాగా పెడతాడు. ఆ నాటకం పండాలంటే పళ్లెం తెచ్చే మనిషి ముఖంలో ఏమీ తెలియనివ్వకూడదు. ఆ పొద్దున బల్ల మీద ఇంకేం ఉన్నాయంటే గుడ్లు, పంది మాంసం, వాటితో పాటు కోడి కూర! 1893లో అచ్చైన కథలో లండన్ ఇంటావిడ పొద్దున్నే కోడి కూర వండిందంటే మన దేశం నుంచి వెళ్లిన మసాలా అప్పటికే ఆ వంటిళ్లలో ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది. ఆవిడకు వచ్చిన వంటలు తక్కువే అయినా బ్రేక్‌ఫాస్ట్ విషయంలో స్కాట్లండ్ ఆడవాళ్లకు తీసిపోదని హోమ్స్ మెచ్చుకుంటాడు. ఈ ఒక్క మాట పట్టుకుని ఆమె స్కాట్లండ్ మనిషని తేల్చేసినవాళ్లూ ఉన్నారు. వాక్యం సరిగ్గా చదివితే కాదనే అనిపిస్తుంది. ఇంకో కథలో రాత్రి భోజనం ఎప్పుడు చేస్తారని ఆవిడ అడిగితే, ఎల్లుండి ఏడున్నరకి అంటాడు హోమ్స్. ఆ జవాబు విని నవ్వుకోవచ్చు, కానీ వండే మనిషికి అది నవ్వొచ్చే జవాబేనా?

ఆవిడ కష్టాన్ని డాయిల్ ఎంత తేలిగ్గా దాటేస్తాడో చూడాలంటే 'ది ఫైనల్ ప్రాబ్లమ్' చాలు. తన బద్ధశత్రువు మోరియార్టీ మనుషులు రాత్రి మన గదులకు నిప్పు పెట్టారు, పెద్ద నష్టమేం లేదు అని హోమ్స్ వాట్సన్‌కి రైల్లో చెబుతాడు. ఇది భరించరానిది అంటాడు వాట్సన్. ఇంటావిడ ఎలా ఉందని మాత్రం అడగడు. ఇల్లు ఆమెది, నిప్పు పెట్టింది ఆమె ఇంటికి. ఇద్దరు మంచి మనుషులకు ఆ ప్రశ్నే తట్టలేదు.

ఇలాంటి ఖాళీలు చూసి తర్వాతి తరం రచయితలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2010లో మొదలైన బీబీసీ 'షెర్లాక్'లో ఊనా స్టబ్స్ వేసిన మిసెస్ హడ్సన్‌కి పేరుంది, గతముంది, ఫ్లోరిడాలో మరణశిక్ష పడ్డ భర్త ఉన్నాడు, ఆ శిక్ష తప్పిపోకుండా చూసింది షెర్లాకే. 2017 నాటికి ఆవిడ స్పోర్ట్స్ కారు కూడా నడిపేసింది. నేను మీ పనిమనిషిని కాదు అని గుర్తుచేస్తూనే టీ పెట్టి ఇస్తుంది. సరదాగా ఉంటుంది, స్టబ్స్ అద్భుతంగా చేసింది కూడా. కానీ అన్ని వివరాలు వచ్చాక ఆవిడ మరో విచిత్రమైన మనిషి అవుతుంది, విచిత్రమైన మనుషులే నిండిన ఇంట్లో. గ్రనాడా ఆ పని చేయలేదు. పదేళ్లు చూశాక కూడా విలియమ్స్ హడ్సన్ భర్త ఏమయ్యాడో, ఆవిడ ఎక్కడ పుట్టిందో ప్రేక్షకుడికి తెలియదు. అద్దెకుండేవాళ్లకి ఇంటావిడ గురించి తెలిసేది అంతే ఉంటుంది కాబట్టి అది లోపంలా తోచదు. ఆమెకంటూ ఒక్క ఎపిసోడ్ అయినా ఇచ్చి ఉంటే బాగుండేదన్న ఫిర్యాదులో న్యాయం ఉంది. అయితే ఇచ్చి ఉంటే ఆ గుమ్మం దగ్గరి అరక్షణానికి ఇంత బరువు మిగిలేది కాదేమో.

ఆమెను హోమ్స్ ఎలా చూస్తాడన్న ప్రశ్నకు రెండు కథలు పక్కపక్కన పెడితే రెండు జవాబులు వస్తాయి. 'ది ఎంప్టీ హౌస్'లో ఆవిడకు అంతా చెప్పి చేయించాడు. మూడేళ్ల తర్వాత బతికి ప్రత్యక్షమై ఆవిడను హడలగొట్టినా, వెంటనే మైనపు బొమ్మను ఆవిడ చేతిలోనే పెట్టాడు. చెప్పింది చెప్పినట్టు మోకాళ్ల మీదే వెళ్లానండీ అని ఆవిడ అనడంలో గర్వం వినిపిస్తుంది. డాయిల్ దానికి పదేళ్ల తర్వాత, 1913లో 'ది డయింగ్ డిటెక్టివ్' రాశాడు. గ్రనాడా 1994లో తీసిన చివరి ఎపిసోడ్లలో అదొకటి. అక్కడ హోమ్స్ సుమత్రా నుంచి వచ్చిన ప్రాణాంతకమైన జబ్బు సోకినట్టు నటిస్తాడు. మూడు రోజులు తిండీ నీళ్లూ ముట్టడు, నుదుటికి వ్యాసలీన్, కళ్లలో బెల్లడోనా, బుగ్గలకు ఎరుపు, పెదాల చుట్టూ మైనం పొలుసులు. హంతకుడు కల్వర్టన్ స్మిత్‌ని గదికి రప్పించడానికి ఈ వేషం. ఈసారి ఆవిడకు నిజం చెప్పలేదు. ఎందుకంటే ఆవిడ నమ్మితేనే వాట్సన్ నమ్ముతాడు, వాట్సన్ నమ్మితేనే స్మిత్ వస్తాడు. గొలుసులో మొదటి లంకె ఆవిడ కన్నీళ్లు.

ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది. డాక్టర్ని పిలవద్దని హోమ్స్ గట్టిగా చెబుతాడు. ఆవిడ కొంతకాలం ఆగుతుంది. ఆ పొద్దున అతని ముఖం చూశాక ఇక ఆగదు. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇప్పుడే వెళ్లి డాక్టర్ని తెస్తాను అంటుంది. హోమ్స్‌కి ఆవిడ ఎదురుచెప్పడం అంటూ ఉంటే ఇదే. అయితే వాట్సన్‌నే తీసుకురండి అంటాడు హోమ్స్, అతనికి కావలసిందీ అదే మరి. ఆవిడ తిరుగుబాటు కూడా అతని పథకంలో ముందే లెక్కలో ఉంది. వాట్సన్ దగ్గరికి వెళ్లి ఏడుస్తూ చెప్పే విలియమ్స్‌ని చూసేవాళ్లకు, కథ ముందే తెలిసినా సరే, ఇది మోసమన్న సంగతి కాసేపు చేదుగానే ఉంటుంది.

స్మిత్ పట్టుబడ్డాక హోమ్స్ వాట్సన్‌కి సంజాయిషీ చెప్పుకుంటాడు. నీకు నటించడం చేతకాదు మిత్రమా, కోపం తెచ్చుకోవుగా అంటాడు. నీకు కబురు తెచ్చేది ఆవిడే కాబట్టి మిసెస్ హడ్సన్‌ని నమ్మించక తప్పలేదని కూడా అంటాడు, వాట్సన్‌తోనే. ఇక మూడు రోజుల ఆకలి తీర్చుకోవాలి. పోలీస్ స్టేషన్ పని అయ్యాక సింప్సన్స్‌లో ఏదైనా బలమైనది తిందాం అంటాడు హోమ్స్. సింప్సన్స్ అంటే అప్పట్లో ఊళ్లో పేరున్న రెస్టారెంట్. మేడ కింద ఆవిడకు అసలు సంగతి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో డాయిల్ రాయలేదు.